ఒక్కసారే వేసిన ఉప్పు

నేను ఒక ఇత్తడి గుండిగను. విశాలమైన పొట్ట, ఇరుకు మెడ, ఇద్దరు చెరోపక్కా పట్టుకుంటే తప్ప కదలని ఒళ్ళు. ఊళ్ళకు ఊళ్ళకే పప్పులూ పులుసులూ వండిపెట్టిన దాన్ని. ఇప్పుడు అమలాపురం దగ్గర ఒక అద్దె పెంకుటింటి వెనక వసారాలో బోర్లించి ఉన్నాను. ఇక్కడి బల్లులకు నా నీడ బాగా నచ్చింది. తీరిక ఎక్కువైంది కాబట్టి నా కథ చెప్పాలనిపించింది. నా కథ అంటున్నానే గానీ, నిజానికి ఇది ఇద్దరు అన్నదమ్ముల కథ. గిన్నెలకు సొంత కథలు ఎక్కడుంటాయి? మాలో ఎవరేం పోస్తే అదే మా బతుకు.

నేను పుట్టింది ఇత్తడి సామాను చేసే అజ్జరంలో. సుఖంగా పుట్టాననుకోకండి. కొలిమిలో కాల్చి, సుత్తులతో మోది, మళ్ళీ కాల్చి, మళ్ళీ మోది, ఆఖరికి పొట్టనూ మెడనూ అతికి, ఇక దీన్ని గుండిగ అనొచ్చు అన్నారు. ఇప్పటికీ నా ఒంటిమీద చెయ్యేసి నిమిరితే ఆ దెబ్బలు తగులుతాయి. కంచరి నన్ను వేలి కణుపుతో మోగించి, చెవి ఒగ్గి విని, "ఎక్కడా పగుల్లేదండి. మీ మనవలు కూడా వండుకోవచ్చు" అని సోమన్నగారికి అప్పజెప్పాడు. మనవలు వండుకునే యోగం నాకు పట్టలేదు.

సోమన్న పెళ్ళిళ్ళకూ ఉపనయనాలకూ సంతర్పణలకూ వంట చేసే బ్రాహ్మడు. నన్ను ఎడ్లబండి మీద ఎక్కించుకుని కోనసీమ అంతా తిప్పాడు. ఏటా పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యే ముందు నా లోపల తగరంతో కళాయి పూయించేవాడు. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండితే చిలుమెక్కుతుంది, తిన్నవాళ్ళ కడుపు చెడుతుంది. కళాయి వేసిన రోజున నా లోపల అద్దంలా మెరిసేది. సోమన్న తొంగిచూసి మీసం సరిచేసుకునేవాడు. మనుషులు ఎంత పని తొందరలో ఉన్నా మొహం చూసుకునే అవకాశం మాత్రం వదులుకోరు.

ఆయన వంటశాలలో రెండే కట్టుబాట్లు. మొదటిది, దేవుడికి నివేదన అయ్యేదాకా ఎవరూ రుచి చూడకూడదు. చూస్తే అది ఎంగిలి. పులుసు ఎలా ఉందో ఆవిరి వాసన చూసి తెలుసుకోవాలి, లేదా మరుగుతున్న చప్పుడు విని తెలుసుకోవాలి, అంతే. రెండోది, ఉప్పు ఒకే చెయ్యి వెయ్యాలి. కూరలు ఎవరైనా తరగొచ్చు, పోపు ఎవరైనా పెట్టొచ్చు. ఉప్పు మాత్రం పెద్ద వంటవాడిదే. నాలుక మీద వేసుకుని చూసుకునే వీల్లేని చోట ఇద్దరి చేతులు ఉప్పులో దిగితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఉప్పు పోసుకునే కొయ్య మరిగె ఎవరి పక్కన ఉంటే వాడే ఆ వంటశాలకు యజమాని అన్నమాట.

సోమన్నకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పేరయ్య, రెండోవాడు కామేశం. తల్లి చిన్నప్పుడే పోతే ఇద్దరూ పొయ్యిల దగ్గరే పెరిగారు. పేరయ్య తమ్ముణ్ణి చంకనేసుకుని నాకు చింతపండు పెట్టి తోమేవాడు. వాడు ఏడిస్తే నన్ను గరిటెతో వాయించి ఊరుకోబెట్టేవాడు. ఆ దెబ్బలకు నాకేమీ కోపం లేదు. నా ఒంటిమీద పడిన దెబ్బల్లో హాయిగా అనిపించినవి అవే.

పెద్దయ్యాక ఇద్దరూ మంచి వంటవాళ్ళే అయ్యారు. నన్నడిగితే మాత్రం కామేశం చేతిలో ఏదో ఉంది. పేరయ్యది నమ్మకమైన చెయ్యి. నిన్న ఎలా వండాడో ఇవాళా అలాగే వండుతాడు. కామేశం అలా కాదు. పులిహోరలో ఆవపిండి కలుపుతుంటే పందిట్లో కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూసేవారు. అయినా సోమన్న చెయ్యి వణకడం మొదలెట్టిన ఏడు, ఉప్పు మరిగెను పేరయ్య వైపు జరిపాడు. అటు జరిపాడు, అంతే. కామేశం ఆ సమయంలో వంకాయలు తరుగుతున్నాడు. తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. తర్వాత తరిగిన ముక్కలన్నీ వంకరటింకరగా వచ్చాయి.

సోమన్న పోయాక అన్నదమ్ములు కలిసే పనిచేశారు. ఊళ్ళవాళ్ళకు ఒకటే పేరు తెలుసు, పేరయ్య వంట. కామేశం ఏం చేసినా అది పేరయ్య వంటే. ఒకసారి పెద్ద సంతర్పణలో ఊరి పెద్ద ఒకాయన చెయ్యి కడుక్కుని నేరుగా వంటశాలలోకి వచ్చాడు. "ఎవరయ్యా ఆ పులిహోర కలిపిందీ? ఇన్నేళ్ళల్లో ఇలాంటి పులిహోర తినలేదు" అన్నాడు. పేరయ్య లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నేనే కలిపానని అనలేదు. తమ్ముడు కలిపాడనీ అనలేదు. ఆయన తన భుజం మీది జరీ కండువా తీసి పేరయ్యకు కప్పి వెళ్ళిపోయాడు. నా వెనకాల కామేశం ఆవపిండి అంటిన చేతులతో అలాగే నిలబడిపోయాడు. పేరయ్య కావాలని చేశాడని నేననుకోను. పొగడ్త ఎదురుగా వచ్చి నిలబడితే ఎంత మంచివాడికైనా నోరు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది.

ఆ కండువా సంగతి అన్నదమ్ములిద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఇద్దరూ కాసేపు అరుచుకుని ఉంటే ఎంత బాగుండేదో! కామేశం నవ్వుతూనే ఉండేవాడు. కాకపోతే నన్ను దించేటప్పుడు కొంచెం గట్టిగా కుదేసేవాడు.

తర్వాతి వేసవిలో మండపేట వైపు ఒక రైసుమిల్లు ఆసామి ఇంట పెళ్ళి. మగపెళ్ళివారు పట్నంవాళ్ళు, ప్రతిదానికీ వంక పెట్టే రకం. ఆ పెళ్ళి సవ్యంగా జరిగితే జిల్లా అంతా పేరు మారుమోగుతుందని పేరయ్య పొంగిపోయాడు. నేలలో తవ్విన గాడిపొయ్యి మీద నన్నెక్కించి దప్పళం పెట్టాడు. గుమ్మడికాయ, ములక్కాడ, చిలగడదుంప, ఆనపకాయ, అన్నీ నాలో తలోపక్కకూ పొర్లుతున్నాయి. పులుసు మరగ్గానే పేరయ్య మరిగెలో చెయ్యి ముంచి, దోసిళ్ళతో ఉప్పు వేసి, గరిటె తిప్పి, ఆవిరి వాసన చూశాడు. సరిగ్గా కుదిరింది. ఉప్పు ఎప్పుడు సరిపోతుందో వంటవాడికన్నా ముందు గుండిగకే తెలుస్తుంది. పులుసు చప్పుడే మారిపోతుంది.

అంతలో మగపెళ్ళివారి పిల్ల ఒకతె పరుగెత్తుకుంటూ వచ్చి పేరయ్య కాళ్ళను చుట్టేసింది. మడి పోయింది. దాన్ని తిట్టలేక, నవ్వలేక, "అయ్యో తల్లీ" అంటూ పేరయ్య మళ్ళీ స్నానానికి నూతి దగ్గరికి వెళ్ళాడు. మిగతావాళ్ళు అవతల అన్నం గంజి వారుస్తున్నారు. నా దగ్గర కామేశం ఒక్కడే ఉన్నాడు.

వాడు మరిగె వైపు చూశాడు. నూతి వైపు చూశాడు. చెయ్యి లోపల పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టాడు. దోసిలి నిండా ఉప్పు తీసి నాలో గుమ్మరించాడు. ఆ తర్వాత ఇంకో దోసిలి. అరిచి చెప్పాలనిపించింది. కానీ నాకున్న గొంతల్లా ఎవరైనా వాయిస్తే మోగేది, దానంతటది మోగదు. వేశాక వాడి మొహం పాలిపోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి నా అంచు మీద పెట్టి పోయబోయాడు. పల్చనైపోతుంది, దొరికిపోతానని ఆగాడు. అక్కడే నిలబడి, నీళ్ళ చెంబు పట్టుకుని, పోయాలా వద్దా అనుకుంటూ ఉండగానే పేరయ్య తడిబట్టతో వచ్చేశాడు.

వచ్చినవాడు ఎప్పటిలా పోపు వేశాడు, కొత్తిమీర వేశాడు, మూత పెట్టాడు. ఆవిరి వాసన ఇంకోసారి చూసుంటే పట్టేసేవాడేమో. ముహూర్తం తొందరలో చూడలేదు. నివేదన అయింది. నాకు కనబడేంత దూరంలోనే పందిట్లో మొదటి బంతి కూర్చుంది.

దప్పళం పడ్డ విస్తళ్ళ దగ్గర మొదట సద్దు మణిగింది. తర్వాత దగ్గులు. మగపెళ్ళివారి పెద్దమనిషి ఒకాయన విస్తరి ముందు నుంచి లేవకుండానే గొంతెత్తాడు.

"ఏవండోయ్ ఆసామిగారూ, మీకు రైసుమిల్లుందన్నారు గానీ ఉప్పు కొటారు కూడా ఉందని చెప్పలేదే!"

బంతి బంతంతా నవ్వింది. పెళ్ళికూతురి తండ్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. పేరయ్యను పిలిపించాడు. పేరయ్య ఒక గరిటెడు దప్పళం చేతిలో పోసుకుని నోట్లో వేసుకున్నాడు. అప్పుడు కామేశం వడ్డన బకెట్టు పట్టుకుని ఆయన పక్కనే ఉన్నాడు. ఒక్క మాట చాలు. ఆ మాట వాడి గొంతు దాకా వచ్చిందని కూడా నేను ప్రమాణం చేసి చెప్పగలను.

పేరయ్యే ముందు నోరు తెరిచాడు. "తప్పు నాదేనండి. మడి పోయి స్నానానికి వెళ్ళానండి. వచ్చాక మళ్ళీ వేశాను కాబోలు. మతి లేకపోయింది. క్షమించండి" అన్నాడు, చేతులు జోడించి.

ఇంక కామేశం ఏం చెప్తాడు? అన్న తప్పు తానే నెత్తినేసుకున్నాక తమ్ముడికి దారి సుగమం అయింది. వాడు చకచకా వెనక్కి పరుగెత్తి, పెరుగు చిలికి, శనగపిండి కలిపి, అల్లం పచ్చిమిర్చి దంచి, రెండో బంతి కూర్చునేలోగా మజ్జిగ పులుసు దించాడు. పెళ్ళివాళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నారు. "పెద్దాయన ముంచాడు గానీ చిన్నాయన తేల్చాడు" అన్నారు. వాడు జీవితమంతా వినాలనుకున్న మాట అదే. వింటున్నప్పుడు మాత్రం వాడి మొహం నేను చూశాను. అందులో సంతోషం ఎంత వెతికినా కనిపించలేదు. నాలో ఉన్న దప్పళాన్నంతా పశువులు కూడా ముట్టకూడదని గొయ్యి తీసి పారబోశారు.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో బండి మీద నేనూ, అన్నదమ్ములూ. పేరయ్య ఊరి పొలిమేర వచ్చాక ఒళ్ళో ఉన్న ఉప్పు మరిగెను తీసి తమ్ముడి ఒళ్ళో పెట్టాడు.

"రేపట్నుంచి నువ్వెయ్యరా. నా మీద నాకు నమ్మకం పోయింది" అన్నాడు.

కామేశం దాన్ని వెనక్కి నెట్టాడు. పేరయ్య మళ్ళీ ఇచ్చాడు. వాడు మళ్ళీ నెట్టలేదు. దొంగతనం చేసి తెచ్చుకోవాలనుకున్నదాన్ని యజమానే చేతిలో పెట్టి, ఇంద పట్టుకెళ్ళు అంటే ఎలా ఉంటుందో కామేశానికి ఆనాడు తెలిసింది. ఆ బరువు ఇక దించలేదు వాడు.

కొన్నాళ్ళు పేరయ్య తమ్ముడి వంటశాలలో కూరలు తరిగాడు. వంకాయ తరిగి, పుచ్చులు చూశానా లేదా అని మళ్ళీ ముక్కలన్నీ విప్పి చూసేవాడు. పొయ్యి ఆర్పి నాలుగడుగులు వేసి, ఆర్పానా అని వెనక్కి వచ్చేవాడు. చూసేవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు. ఒకనాడు ఎవరికీ చెప్పకుండా భార్య రాజ్యాన్నీ కూతుర్నీ తీసుకుని వేరే ఊరు వెళ్ళి, ఒక చిన్న గుడిలో పూలమాలలు కట్టే పనికి కుదిరాడు. పూలకు ఉప్పు అక్కర్లేదు కదా.

కామేశం మాత్రం పైకి పోతూనే ఉన్నాడు. బండి పోయి వ్యాను వచ్చింది, వ్యాను పోయి వ్యాన్లు వచ్చాయి. కామేశం క్యాటరర్స్ అని బోర్డు పెట్టాడు. స్టీలు డేగిసాలు దిగాయి. అవి తేలిక, తళతళ, ఒళ్ళంతా డాబు. కళాయి వేసేవాడు దొరకడం లేదని నన్ను ఓ మూల పారేశారు. తర్వాత వాడు ఫంక్షన్ హాలు కట్టినప్పుడు, అలంకరణ చేసే ఆవిడ నన్ను చూసి "ఎంత యాంటిక్కో!" అని మురిసిపోయింది. నన్ను బాగా తోమించి, గుమ్మంలో పెట్టించి, నీళ్ళు పోసి, గులాబీ రేకులు చల్లించింది. అన్నం పెట్టే గిన్నెలో పూలు తేలేసి జనం నా పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవారు. పెళ్ళికొచ్చినవాళ్ళు చిల్లర నాణేలు వేసి దణ్ణం కూడా పెట్టేవారు. నేనెవరినని అనుకున్నారో నాకిప్పటికీ తెలీదు.

కామేశం అన్నను చూడటానికి అరుదుగా వెళ్ళేవాడు. పండక్కి బట్టలు పంపేవాడు, మామిడిపళ్ళు పంపేవాడు, మనిషి మాత్రం ఎప్పుడో గానీ వెళ్ళేవాడు కాదు. తప్పు చేసినవాళ్ళు చాలా ఉదారంగా ఉంటారు, దూరంగా ఉండి.

కామేశానికి డెబ్బై నిండిన సందర్భంగా ఆ హాల్లోనే భీమరథ శాంతి చేశారు. పేరయ్య, రాజ్యం వచ్చారు. పేరయ్య బాగా వంగిపోయాడు. గుమ్మంలో నా దగ్గరికి వచ్చి ఆగి, "రాజ్యం, ఇంటికి తాళం వేశానా?" అన్నాడు. "వేశారండీ" అంది. లోపలికి రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "గ్యాసు?" అన్నాడు. "కట్టేశారు." మళ్ళీ తాళం సంగతి. మళ్ళీ గ్యాసు సంగతి. ఆవిడ విసుగు లేకుండా జవాబు చెప్తూనే ఉంది. ఎదురొచ్చిన కామేశం పట్టుపంచెలో నిలబడి ఇదంతా చూశాడు.

"అన్నయ్య ఎప్పట్నుంచి ఇలా అయిపోయాడొదినా?" అన్నాడు మెల్లిగా.

"నీకు తెలీదేవిటి కామేశం? ఆ దప్పళం నాటినించీ ఇంతే. మా పిల్ల పెళ్ళికి కూడా వంటశాల గుమ్మం తొక్కలేదు. నా చెయ్యి పడితే శుభం చెడిపోతుందే అంటూ రోడ్డు మీద కూర్చున్నారు."

కామేశం నా అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజుల్లో అన్న పడ్డ అనుమానాలు నాలుగు నాళ్ళ బెంగేననీ, పోయింది పేరు మాత్రమేననీ వాడు ఇన్నాళ్ళూ అనుకున్నాడు. పేరు పోతే ఏమవుతుంది, మరో పని చేసుకు బతుకుతాడని సర్దిచెప్పుకున్నాడు. మనిషికి బతుకంతా తన చేతి మీద తనకే నమ్మకం లేకుండా చేశానని వాడికి ఆ క్షణం దాకా తెలీదు.

వాడు తిన్నగా వేదిక ఎక్కాడు. పురోహితుడి చేతిలో మైకు లాక్కున్నాడు. తర్వాత జరిగింది అచ్చంగా నాటకమే. మొదటినుంచీ చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు, గుండెలు బాదుకుంటూ చెప్పాడు. "దోసిళ్ళతో పోశానండి! మా అన్న కొంప ముంచానండి! నన్ను పెంచినవాణ్ణి వెన్నుపోటు పొడిచానండి!" అన్నాడు. వీడియో తీసేవాళ్ళు దగ్గరికి జరిగారు. ముందు వరస ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. సన్నాయివాళ్ళు ఏం వాయించాలో తెలీక కాసేపు తికమకపడి, ఆఖరికి ఏదో విషాదంగా అందుకున్నారు. వాడు వేదిక దిగివచ్చి అన్న పాదాల మీద పడ్డాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. చూశారా, ఆఖరికి ఆ తప్పుకు కూడా చప్పట్లు వాడికే పడ్డాయి. వాడి ఏడుపు మాత్రం దొంగ ఏడుపు కాదు. వేదిక ఉంటే తప్ప ఏడవడం చేతకానంతగా వాడు పెద్దవాడైపోయాడు, అంతే.

పేరయ్య తమ్ముడి తలమీద చెయ్యి వెయ్యడం కూడా మర్చిపోయి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. చివరికి అడిగాడు. మైకు దగ్గర్లో ఉండటం వల్ల హాలంతా వినిపించింది.

"అయితే... నేను వేసింది ఒక్కసారేనంటావా?"

ఆ అమాయకత్వానికి జనం నవ్వారు. మళ్ళీ చప్పట్లు కొట్టారు. రాజ్యం కొట్టలేదు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, మొగుడి మొహంకేసే చూస్తోంది.

భోజనాలయ్యాక కామేశం వదిన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ నా పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

"నన్ను తిట్టొదినా. ఏదో ఒకటి అను."

"ఇంతమందిలో చెప్పావు కామేశం. గొప్పే. ఆవేళ ఆ బంతిలో కూడా ఇంతమందీ ఉన్నారు" అంది.

పేరయ్యే కలగజేసుకున్నాడు. "పోనీవే రాజ్యం. ఒరే కామేశం, ఆ పులిహోర ఎవరు కలిపారని ఆయనడిగినప్పుడు నేను నోరు విప్పలేదురా. కండువా కప్పించుకుని ఊరుకున్నాను. నీదని చెప్పాల్సింది. చాలాసార్లు అనుకున్నాను చెప్దామని. చెప్పలేదు" అన్నాడు.

కామేశం చంటిపిల్లాడిలా బావురుమన్నాడు. ఇప్పుడు మైకు లేదు, వీడియో లేదు. ఆ కండువా సంగతి తన ఒక్కడి మనసులోనే ఉందనుకుని ఇన్నేళ్ళూ మోశాడు వాడు. ఇద్దరూ చెరో వైపు నుంచి దాన్నే మోస్తూ వచ్చారన్నమాట. పేరయ్య ఈ రెండు ముక్కలూ ఆ వేసవికి ముందే అని ఉంటే నేను ఇంకా గాడిపొయ్యిల మీదే ఉండేదాన్ని. అది తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది, ఏడవడానికి కళ్ళు లేవు గానీ.

"ఆ గుండిగ నీదే అన్నయ్యా. రేపు మీ ఇంటికి తెస్తాను. నువ్వే వండాలి. నీ చేతి ఉప్పు తినాలి నేను" అన్నాడు కామేశం. పేరయ్య వద్దనలేదు. ఆయన కళ్ళల్లో ఏదో కదిలింది.

మర్నాడు నాలోని గులాబీ రేకులు పారబోసి, వ్యానులో ఎక్కించి, ఈ ఇంటికి తెచ్చారు. రెండిళ్ళవాళ్ళూ పోగయ్యారు. పేరయ్య స్నానం చేసి, మడి కట్టుకుని, నా లోపలికి తొంగి చూశాడు. కళాయి ఎప్పుడో పోయింది. లోపలంతా పచ్చగా, గరుగ్గా ఉన్నాను. "దీన్లో పులుపు వండకూడదురా. ముద్దపప్పు వండుతాను" అన్నాడు. ఆ మాట ఎంత ధీమాగా అన్నాడంటే, ఇన్నేళ్ళ తర్వాత పాత పేరయ్య గొంతు విన్నట్టనిపించింది నాకు.

పెరట్లో ఇటుకలు పేర్చి నన్నెక్కించారు. నా అడుగున మంట పడి ఎన్నేళ్ళయిందో! కందిపప్పు దోరగా వేయించి, నీళ్ళు పోసి, పసుపు వేశాడు. పప్పు ఉడికి మెత్తబడి కుతకుతలాడింది. పేరయ్య ఉప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. కామేశం పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పేరయ్య చెయ్యి ఒక క్షణం ఆగింది. తర్వాత పిడికిలి నిండా తీసి వేశాడు, గరిటె తిప్పాడు. సరిగ్గా కుదిరింది. నా లోపల ఆ పాత చప్పుడు మళ్ళీ వచ్చింది.

అప్పుడే వీధిలోంచి పక్కింటాయన కేకేశాడు, "ఏవండీ పేరయ్యగారూ, వంట మొదలెట్టారటగా మళ్ళీ!" అని. పేరయ్య అటు తిరిగి, నవ్వి, "ఆయ్, మొదలెట్టానండి" అన్నాడు. ఇటు తిరిగాడు. చెయ్యి మళ్ళీ ఉప్పు గిన్నెలోకి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది.

"వేశానా?" అన్నాడు.

"వేశావన్నయ్యా. నేను చూశాను" అన్నాడు కామేశం.

పేరయ్య తమ్ముడి మొహంలోకి చూశాడు. కోపంగా చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది. ఏదో వెతుక్కుంటున్నట్టు చూశాడు, అది అక్కడ దొరకనట్టు చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు చెప్పకురా నాన్నా" అన్నాడు ఎంతో మెల్లిగా. ఇంట్లోకి కేకేశాడు. "రాజ్యం! ఓసారిలా రా. ఉప్పు వేశానా నేను?"

రాజ్యం ఇంట్లోంచి వచ్చింది. ఆవిడ లోపల విస్తళ్ళు తుడుస్తోంది, ఇక్కడ జరిగిందేదీ చూడలేదు. ఆ సంగతి నాకు తెలుసు, కామేశానికీ తెలుసు. ఆవిడ మొగుణ్ణి చూసింది. ఉప్పులో ఆగిపోయిన చెయ్యి చూసింది. తర్వాత మరిది మొహంలోకి చూసింది. కామేశం రెండు చేతులూ జోడించి, వేశాడన్నట్టు తల ఊపాడు. ఆవిడ చాలాసేపు వాడి వంకే చూస్తూ నిలబడింది.

"వేశారండీ. ఒక్కసారే వేశారు" అంది.

పేరయ్య "అలాగా" అని వెంటనే చెయ్యి తీసేసి, గిన్నె మీద మూత పెట్టాడు. కామేశం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.